పాఠకుల ప్రశ్నలు – జవాబులు: షుగర్ గ్లైడర్ ఉడుత కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే జంతువును గురించినవి కావడం వల్ల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. బెంగళూరు నుంచి షుగర్ గ్లైడర్లను కొని తెచ్చుకొనేవారు మన వైపు కూడా కనిపిస్తున్నారు. వాటిని ఇష్టంగానే తెచ్చుకొంటున్నారు గానీ, ఆ శరీరం ఎలాంటిదో తెలియకపోవడం వల్ల వాటికి ఎంత బాధ కలుగుతున్నదో ఉత్తరాలు చదువుతుంటే అర్థమయింది. అందుకే కొన్ని జవాబులు మామూలు కంటే పొడవుగా ఉన్నాయి.

ప్రశ్న: మా తమ్ముడు మా పాప పుట్టినరోజుకు బెంగళూరు నుంచి ఒక చిన్న జంతువును తెచ్చాడు. అమ్మినవారు ఎగిరే ఉడుత పిల్ల అన్నారట. బిల్లులో షుగర్ గ్లైడర్ అని రాసి ఉంది. ఇది ఉడుత జాతేనా? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

కాదమ్మా. చూపుకు ఉడుతలా ఉన్నా, బంధుత్వంలో అది ఉడుత కంటే కంగారూకే దగ్గర. ఉడుతలు, ఎలుకలు కొరికే జంతువుల క్రమానికి చెందినవి కాగా, షుగర్ గ్లైడర్ మార్సూపియల్, అంటే పొట్ట మీద సంచిలో పిల్లను పెంచే జంతువు. మార్సూపియల్‌లలో కంగారూ, కోలా ఏ క్రమంలో ఉన్నాయో ఇది కూడా ఆ డైప్రోటోడోంటియా క్రమంలోనే ఉంది. ఆ పేరుకు రెండు ముందు పళ్లు గలవి అని అర్థం. మీ జంతువు నోరు తెరచినప్పుడు కింది దవడ నుంచి ముందుకు పొడుచుకొని వచ్చిన రెండు పొడవైన కుంతకాలు కనిపిస్తాయి. ఉడుత పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక గట్టివాటిని కొరికి అరగదీసుకోవాలి. షుగర్ గ్లైడర్ పళ్లు అలా పెరగవు. ఉడుతే అనుకొని పళ్లు కత్తిరింపజేసినవారు ఉన్నారని విన్నాను, దయచేసి ఆ పని ఎన్నడూ చేయించవద్దు.

దీని శాస్త్రీయ నామం పెటారస్ బ్రెవిసెప్స్. ఇంగ్లండుకు చెందిన జార్జ్ వాటర్‌హౌస్ 1839లో దీనిని వర్ణించాడు. పెటారస్ అనే మాట తాడు మీద ఆడే దొమ్మరివాడిని గుర్తుచేసేది, బ్రెవిసెప్స్ అంటే పొట్టి తల గలది. ఆస్ట్రేలియా తూర్పు, ఉత్తర భాగాలలోనూ న్యూగినీలోనూ ఉన్నదంతా ఒకటే జాతి అని చాలాకాలం భావించారు. 2020లో వెలువడిన ఒక పరిశోధన జన్యువులను, శరీర కొలతలను పరిశీలించి ఆస్ట్రేలియాలోని వాటిని మూడు జాతులుగా విడదీసింది. ఆ లెక్కన అసలు షుగర్ గ్లైడర్ క్వీన్స్‌లాండ్ ఆగ్నేయ భాగం, న్యూ సౌత్ వేల్స్‌ల తూర్పుతీరపు అడవులకే పరిమితం. మిగిలిన రెంటిని క్రెఫ్ట్ గ్లైడర్ అనీ, సవానా గ్లైడర్ అనీ పిలుస్తున్నారు. అమెరికాలో పెంపుడువైన వాటి జన్యువులను పరీక్షించినప్పుడు వాటి మూలం ఆస్ట్రేలియా కాదనీ, ఇండోనేషియా ఏలుబడిలోని పశ్చిమ పాపువా అనీ తేలింది.

ముక్కు నుంచి తోక కొన వరకు 24 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో సగానికి సగం తోకే. పెద్దయిన మగది సుమారు 140 గ్రాములు, ఆడది 115 గ్రాములు తూగుతుంది. అంటే చేతిలో ఒక జామకాయ పెట్టుకొన్నంత బరువు. నీలి ఛాయ గల బూడిదరంగు బొచ్చు, ముక్కు మీది నుంచి వీపు మధ్య వరకు సాగిన నల్లని చార, లేత రంగు పొట్ట దీని గుర్తులు. రాత్రి సంచారానికి తగినట్టు కళ్లు ముఖానికి ఇరుపక్కలా ఉబ్బి ఉంటాయి. పలుచని చెవులు శబ్దం వచ్చిన దిక్కుకు ఒక్కొక్కటి విడిగా తిరుగుతాయి. శేషాచలం అడవుల్లోని దేవాంగపిల్లిని చూసినవారికి ఈ కళ్లు కొత్తగా అనిపించవు. రెండూ చీకటిలో కొమ్మల మీద బతికేవే గానీ, వాటి మధ్య బంధుత్వమేమీ లేదు.

ప్రశ్న: నల్లమలలో రాత్రిపూట చెట్టు నుంచి చెట్టుకు తేలిపోయే ఉడుతను చూశానని మా తాత చెప్పేవాడు. అది కూడా ఇదేనా? రెక్కలు లేకుండా ఎలా ఎగురుతుంది? – ఒక పాఠకుడు, ఆత్మకూరు

మీ తాతగారు చూసినది మన దేశపు పెద్ద ఎగిరే ఉడుత అయి ఉండాలి. దక్షిణ భారతపు అడవులలో ఉండే ఆ జంతువు కిలోకు మించి తూగుతుంది. అది నిజమైన ఉడుత, పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షణ పొందిన జంతువు. షుగర్ గ్లైడర్ మన అడవులలో లేదు, ఎన్నడూ ఉండలేదు.

ఈ రెండూ ఒక తల్లి పిల్లలు కాకపోయినా ఒకే పని నేర్చుకోవడాన్ని జీవశాస్త్రంలో అభిసారి పరిణామం అంటారు. ఎత్తైన చెట్ల మధ్య నేల మీదికి దిగకుండా తిరగవలసిన అవసరం వేరువేరు ఖండాలలో వేరువేరు జంతువులకు పక్కటెముకల వెంట ఒక చర్మపు పొరను ఇచ్చింది. ఆ పొర తగిలించుకొన్న చోటు మాత్రం రెండింటికీ వేరు. ఎగిరే ఉడుతకు మణికట్టు దగ్గర మృదులాస్థితో ఏర్పడిన ఒక సన్నని పుల్ల వంటిది ఉండి పొర అంచును బయటికి చాచి పట్టుకొంటుంది. షుగర్ గ్లైడర్‌కు ఆ పుల్ల లేదు. దాని పొర ముందుకాలి చిటికెన వేలి నుంచి వెనుకకాలి మొదటి వేలి వరకు సాగుతుంది. కాళ్లు నాలుగూ చాపినప్పుడు ఒంటికి రెండు వైపులా కట్టిన తెరచాపలా విచ్చుకొంటుంది, ముడుచుకొన్నప్పుడు పక్కల వెంట ముడతలుగా కనిపిస్తుంది. అనుభవం లేనివారు ఆ ముడతలను చూసి జంతువు చిక్కిపోయిందని భయపడుతుంటారు.

దీనిని ఎగరడం అనడం కంటే తేలడం అనడం సరైనది, ఎందుకంటే గబ్బిలంలా రెక్క ఆడించి పైకి లేవలేదు. ప్రతి 1.82 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తును పోగొట్టుకొంటూ దిగుతుంది. మీ ఊరి పొలిమేరలో 15 మీటర్ల జామాయిల్ చెట్టు ఉందనుకోండి, దాని కొన నుంచి దూకితే సుమారు 27 మీటర్ల దూరంలో నేలకు తగులుతుంది. ఇంకా ఎత్తైన చెట్ల నుంచి 50 మీటర్లకు మించి వెళ్లగలదు. దారి మార్చడానికి కాళ్లను కొద్దిగా ఎత్తి దించి పొర వంపును మారుస్తుంది, తోకను చుక్కానిలా వాడుతుంది. చెట్టును చేరే ముందు శరీరాన్ని ఒక్కసారిగా పైకి లేపి వేగాన్ని చంపుకొని, నాలుగు పాదాలతో మానును పట్టుకొంటుంది.

ఆ పట్టుకోవడానికి పాదాలు ఎంత చక్కగా కుదిరాయో చెప్పకుండా ఉండలేను. ముందుకాళ్లకు అయిదేసి వేళ్లు, వాటికి వాడి గోళ్లు ఉంటాయి. వెనుకకాలి బొటనవేలికి గోరే ఉండదు, అది మన చేతి బొటనవేలిలా మిగిలిన వేళ్లకు ఎదురుగా తిరిగి కొమ్మను చుట్టి పట్టుకొంటుంది. వెనుకకాలి రెండో వేలు, మూడో వేలు చర్మంతో కలిసిపోయి ఒకే వేలిలా ఉండి, కొనలో రెండు గోళ్లు మాత్రం విడిగా కనిపిస్తాయి. పుట్టుకలో వచ్చిన లోపమేమో అని ఒకరు నన్ను అడిగారు. అది లోపం కాదు, జంతువు తన బొచ్చును దువ్వుకొనే దువ్వెన.

ప్రశ్న: మా మగ గ్లైడర్‌కు నడినెత్తిన వెంట్రుకలు రాలి గుండు పడింది. ఏ మందు పూయాలి? – ఒక పాఠకుడు, ఆదోని

ఏ మందూ పూయవద్దు. ఈడు వచ్చిన మగదానికి నుదుటి పైన వజ్రాకారంలో కనిపించే ఆ బోడి మచ్చ ఒక వాసన గ్రంథి. గొంతు కింద, రొమ్ము దగ్గర ఇంకొకటి, మలద్వారం దగ్గర మరికొన్ని గ్రంథులు ఉంటాయి. అడవిలో ఏడు వరకు పెద్దవి, వాటి పిల్లలు ఒకే చెట్టు తొర్రలో ఆకులు పరచుకొని కలిసి పడుకొంటాయి. ఆ ఆకులను గూటికి మోసుకొచ్చేది కూడా తోకతోనే. పెద్దమగది తన నెత్తిని తోటివాటి రొమ్ముకు రుద్ది తన వాసన అంటిస్తుంది. ఆ వాసన లేనిది గుంపులోకి వస్తే తరిమికొడతాయి. చీకటిలో బతికే జంతువుకు ముఖం కంటే వాసనే నమ్మకమైన గుర్తు. మీరు గూడును రోజూ సబ్బుతో కడుగుతుంటే అది పోయిన వాసనను మళ్లీ పూయడానికే పొద్దు గడుపుతుంది. ఒళ్లంతా, లేదా తోక మీద బొచ్చు రాలుతుంటే మాత్రం అది వేరే సంగతి. ఒంటరిగా ఉంచిన గ్లైడర్లు తమ బొచ్చును తామే పీక్కొంటాయి, తోకను కొరుక్కొంటాయి. మీరు ఒక్కదానినే పెంచుతున్నట్టు ఉత్తరంలో రాశారు గనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రశ్న: గర్భం పదిహేను రోజులే అని చదివాను. అంత తక్కువ సమయంలో పిల్ల ఎలా తయారవుతుంది? మన దేశంలో సంచి జంతువులు ఎందుకు లేవు? – డిగ్రీ విద్యార్థిని, కడప

మీరు చదివినది సరైనదే. గర్భావధి 15 నుంచి 17 రోజులు. పిల్ల ఆ కాలంలో తయారు కాదు, తయారు కాకుండానే పుడుతుంది. పుట్టినప్పుడు దాని బరువు 0.2 గ్రాములు. ఒక వేరుశనగ గింజను రెండుగా చీలిస్తే వచ్చే బద్దంత మాత్రమే. కళ్లు లేవు, చెవులు లేవు, వెనుకకాళ్లు మొటిమల్లా ఉంటాయి. ముందుకాళ్లు మాత్రం అప్పటికే బలపడి ఉంటాయి, ఎందుకంటే తల్లి పొట్ట బొచ్చును పట్టుకొని సంచిదాకా ఎవరి సాయమూ లేకుండా పాకవలసినది అదే. సంచిలోకి చేరి చనుమొనను నోట పట్టుకోగానే ఆ మొన నోటిలో ఉబ్బి, పిల్ల జారిపోకుండా బిగుసుకొంటుంది. అక్కడ సుమారు 60 నుంచి 70 రోజులు ఉంటుంది. జరాయువు, అంటే గర్భంలో పిల్లను పోషించే మాయ, చేయవలసిన పనిలో ఎక్కువ భాగాన్ని ఇక్కడ పాలే చేస్తాయి. సంచిలో నాలుగు చనుమొనలు ఉన్నా సాధారణంగా ఈతకు రెండు పిల్లలే. బయటికి వచ్చిన తరువాత మరికొన్ని వారాలు గూటిలో తల్లిని అంటిపెట్టుకొని ఉండి, నాలుగో నెల నాటికి స్వతంత్రంగా తినడం మొదలుపెడతాయి. తల్లి మేతకు వెళ్లినప్పుడు తండ్రి పిల్లలను వెచ్చగా కాపాడడం కూడా ఈ జాతిలో గమనించారు. క్షీరదాలలో అది అరుదు.

మీరు జంతుశాస్త్రం చదువుతున్నారు గనుక మరొక విషయం. ఆడదానికి రెండు గర్భాశయాలు, రెండు పక్క యోనులు ఉంటాయి. ప్రసవం మధ్యలో ఏర్పడే మరొక మార్గం ద్వారా జరుగుతుంది. మగదాని జననాంగం కొన దగ్గర రెండుగా చీలి ఉంటుంది, ముష్కకోశం దానికి వెనుక కాక ముందు వేలాడుతుంది. ఇవన్నీ మార్సూపియల్‌లలో మామూలే.

రెండో ప్రశ్నకు జవాబు భూమి చరిత్రలో ఉంది. భారత భూభాగం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే మహాఖండం. మన భూభాగం అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడివడింది. మార్సూపియల్‌లు దక్షిణ అమెరికా నుంచి, అప్పట్లో మంచు లేని అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా చేరుకొన్నాయి. అక్కడ దొరికిన వాటి అతి పాత శిలాజాలు, క్వీన్స్‌లాండ్‌లోని మర్గన్ దగ్గరివి, సుమారు 5.5 కోట్ల ఏళ్ల నాటివి. ఆ దారిలో అవి నడిచేనాటికి మన నేల ఎప్పుడో దూరమైపోయింది.

ప్రశ్న: మా గ్లైడర్‌కు పాలలో నానబెట్టిన బ్రెడ్డు, అరటిపండు, ఆపిల్ పెడుతున్నాము, ఇష్టంగా తింటుంది. నాలుగు రోజుల నుంచి వెనుకకాళ్లు ఈడ్చుకొంటూ నడుస్తున్నది. ఎక్కడా కింద పడలేదు. ఎందువల్ల? – ఒక పాఠకుడు, అనంతపురం

ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగకుండా పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లమని మీకు విడిగా ఉత్తరం రాశాను. కారణం ఇక్కడ అందరి కోసం వివరిస్తున్నాను, ఎందుకంటే పెంపుడు గ్లైడర్లలో తరచుగా కనిపించే జబ్బు ఇది.

పేరులో షుగర్ ఉన్నందువల్ల తీపి పండ్లతో బతుకుతుందని అందరూ అనుకొంటారు. అడవిలో అది తినేది ప్రధానంగా చెట్టు నుంచి కారే రసాలు. జామాయిల్ జాతి చెట్ల బెరడును కింది పళ్లతో గాటుపెట్టి కారిన రసాన్ని నాకుతుంది. మన తుమ్మకు దూరపు చుట్టాలైన ఆస్ట్రేలియా చెట్ల నుంచి బంకను గీరి తింటుంది. పువ్వుల తేనె, పుప్పొడి, ఆకుల మీద కొన్ని పురుగులు విసర్జించే తీపి జిగురు కూడా దాని మేతే. చలికాలంలో బంక, రసాలు ఎక్కువ, ఎండాకాలంలో పురుగులు ఎక్కువ. చిన్నప్పుడు పొలం గట్ల మీద తుమ్మబంక ఏరుకొని నోట్లో వేసుకొన్నవారికి అది ఎంత నిదానంగా కరుగుతుందో తెలుసు. మన పేగులకు అంతగా లొంగని ఆ పదార్థాన్ని అరిగించుకోవడానికి షుగర్ గ్లైడర్‌కు పేగుల మధ్య పెద్ద అంధనాళం ఉంది. అందులోని సూక్ష్మజీవులు బంకను పులియబెట్టి, జంతువుకు పనికివచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. పైగా తుమ్మ జాతి బంకలో కాల్షియం సహజంగానే కలిసి ఉంటుంది.

ఇప్పుడు మీ గిన్నెను చూడండి. అరటిపండు, ఆపిల్, బ్రెడ్డు ఈ మూడింటిలోనూ కాల్షియం తక్కువ, దానితో పోలిస్తే భాస్వరం ఎక్కువ. పురుగులు మాత్రమే పెట్టినా అదే లోటు. ఆవుపాలలో కాల్షియం ఉన్నా, అది ఈ జంతువు పేగులకు అలవాటైన ఆహారం కాదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు పనిచేయవు గనుక, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోనును వదిలి ఎముకల నుంచి కాల్షియంను లాగి రక్తానికి అందిస్తాయి. తీసిన అప్పు తీర్చకుండా వారాల తరబడి ఇలా సాగితే ఎముకలు పలుచబడతాయి, వెన్నెముక, తొడ ఎముకలు చిన్న గెంతుకే చిట్లుతాయి. ఎక్కడా పడకుండానే వెనుకకాళ్లు పడిపోవడానికి కారణం ఇదే కావచ్చు. వెన్నుకు దెబ్బ తగిలినా ఇలాగే ఉంటుంది గనుక ఎక్స్‌రే తీస్తే గానీ వైద్యుడు తేల్చలేడు. తొలి దశలో గుర్తిస్తే కాల్షియం, విటమిన్ డి ఇచ్చి, గెంతడానికి వీలులేని చిన్న గూటిలో విశ్రాంతిగా ఉంచితే కోలుకొనే అవకాశం ఉంది. మోతాదును సొంతంగా నిర్ణయించవద్దు. జామకాయంత జంతువుకు మనుషుల మాత్రలో ముక్క కూడా ఎక్కువే అవుతుంది.

ప్రశ్న: వేసవిలో మా మిద్దె గదిలో దీనిని ఉంచవచ్చా? మొన్న చలిలో పొద్దున చూస్తే చల్లబడి కదలకుండా ఉంది, చనిపోయిందనుకొన్నాము, తరువాత లేచింది. – ఒక పాఠకురాలు, కర్నూలు

మిద్దె గది వద్దు. ఈ జంతువుకు పెద్దగా శ్రమ లేని వాతావరణం 27 నుంచి 31 డిగ్రీల మధ్య. గాలి వేడి 40 డిగ్రీల వరకు పెరిగినా ఒంటిని నాకి తడిచేసుకొని, ఆ తడి భాగాన్ని గాలికి చాపి, కొద్దికొద్దిగా నీరు తాగుతూ తట్టుకోగలదు. మన కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటే రోజులు ఎన్నో, రేకుల కిందా మిద్దె మీదా ఇంకా ఎక్కువ. నిమిషానికి 200 నుంచి 300 సార్లు కొట్టుకొనే గుండె గల చిన్న ఒంటికి నీరు ఇంకిపోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. కింది అంతస్తులో, గాలి ఆడే చల్లని గదిలో ఉంచండి.

చలిలో మీరు చూసినది టోర్పర్ అనే స్థితి. మేత దొరకని చలిరోజులలో, వానరోజులలో శక్తిని ఆదా చేసుకోవడానికి అడవి గ్లైడర్ తన ఒంటి వేడిని బాగా తగ్గించుకొని, 2 నుంచి 23 గంటల వరకు మొద్దుబారి ఉంటుంది. ఆ సమయంలో శరీర ఉష్ణోగ్రత 10.4 డిగ్రీల వరకు పడిపోవడం నమోదయింది. నెలల తరబడి సాగే శీతాకాల నిద్ర కంటే ఇది వేరు. అడవిలో ఇది ప్రాణాన్ని నిలబెట్టే ఉపాయమే గానీ, మన ఊరి చలికే పెంపుడు గ్లైడర్ ఇలా అయిందంటే దానికి మేత చాలడం లేదనో, పక్కన పడుకొని వెచ్చదనం ఇచ్చే తోడు లేదనో అర్థం. మళ్లీ ఇలా జరిగితే గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకొని నెమ్మదిగా వెచ్చబరచండి, మంట దగ్గరికి తీసుకువెళ్లవద్దు, పూర్తిగా మేలుకొనేదాకా నోట్లో ఏమీ పోయవద్దు.

ప్రశ్న: పెంచలేకపోతే నల్లమలలో వదిలిపెట్టవచ్చా? అడవి జంతువే గదా? – ఒక పాఠకుడు, నంద్యాల

వద్దు. అది అడవి జంతువే గానీ ఈ అడవి జంతువు కాదు. దానికి తెలిసిన చెట్లు, బంకలు ఇక్కడ లేవు, గుడ్లగూబల నుంచి తప్పించే గుంపు ఉండదు. ఒకవేళ బతికి పిల్లలను పెట్టినా కీడే. 1835 ప్రాంతంలో ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం నుంచి ఇదే కుటుంబపు గ్లైడర్లను టాస్మానియా ద్వీపానికి తెచ్చారు. అక్కడ మాత్రమే గూడు కట్టుకొనే స్విఫ్ట్ పారట్ అనే చిలుకకు అవి అలవాటు లేని శత్రువులయ్యాయి. రాత్రి తొర్రలలో దూరి గుడ్లతో పాటు, వాటిని పొదుగుతున్న తల్లి చిలుకలను కూడా తినడం వల్ల ఆ జాతి నేడు అంతరించే అంచున ఉంది. మన నల్లమల తొర్రలలోనూ చిలుకలు, గోరువంకలు, గుడ్లగూబలు గూళ్లు పెట్టుకొంటాయి.

ఇది మంచి పోషణలో 12 నుంచి 15 ఏళ్లు బతికే జంతువు. మీరు పెంచలేకపోతే, ఇప్పటికే రెండు మూడింటిని కలిపి సరిగా సాకుతున్నవారికి అప్పగించండి. వారు మీ గ్లైడర్‌ను మొదటి రోజే మిగిలినవాటి గూటిలో వేయకుండా, పక్కపక్క గూళ్లలో ఉంచి, పరుపు గుడ్డలను అటూ ఇటూ మార్చి, వాసనలు కలిసిన తరువాతే ఒక చోట చేర్చాలని మరచిపోకుండా చెప్పండి.